సోషల్ పాలసీ చదవాలనుకునేవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సామాజిక విధానం, సామాజిక మార్పు అంశాల మీద పీజీ చేస్తున్నవారివి, చేయాలనుకుంటున్నవారివి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాం.

ప్రశ్న (నంద్యాల): బీకాం పూర్తిచేశాను. ప్రభుత్వ పథకాలు కొందరికి అంది కొందరికి ఎందుకు అందవో చదవాలని ఉంది. సోషల్ పాలసీ అనే పేరుతో కోర్సు ఎక్కడా కనిపించడం లేదు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ), సోషియాలజీ, పబ్లిక్ పాలసీ, డెవలప్‌మెంట్ స్టడీస్‌లో దేనికి వెళ్ళమంటారు?

జవాబు: ఆ పేరు పట్టుకుని వెతికితే మన దగ్గర దొరకడం కష్టమే. బ్రిటన్‌లో సోషల్ పాలసీకి విడిగా డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. మన యూనివర్సిటీల్లో అదే విషయం మీరు చెప్పిన నాలుగు కోర్సుల్లో తలా కొంత ఉంది. అందుకని పేరు పక్కన పెట్టి సిలబస్ తెరవండి. రీసెర్చ్ మెథడ్స్‌కు ఎన్ని క్రెడిట్లు ఇచ్చారో చూడండి. స్టాటిస్టిక్స్ కంప్యూటర్ మీద చేయిస్తారా, బోర్డు మీద చెప్పి వదిలేస్తారా అని సీనియర్లని అడగండి. చివరి సెమిస్టర్లో డిజర్టేషన్ (సొంతంగా చేసి రాసే పరిశోధన) తప్పనిసరా, దాని బదులు ఇంకో పేపర్ రాసి బయటపడొచ్చా అన్నది కూడా ముఖ్యమే. డిజర్టేషన్ లేని పీజీతో ఈ రంగంలోకి వస్తే మొదటి ఉద్యోగంలో ఇబ్బంది పడతారు.

ఎంఎస్‌డబ్ల్యూలో సాధారణంగా వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్ ఉంటుంది. పథకం బస్తీలో ఎలా నడుస్తోందో కళ్ళారా చూడొచ్చు గానీ లెక్కల పాలు తక్కువ. సోషియాలజీలో కులం, కుటుంబం, వలస ఎలా మారుతున్నాయన్నది లోతుగా చెబుతారు, థియరీ బరువెక్కువ. పబ్లిక్ పాలసీలో చట్టం, బడ్జెట్, పథకాల మూల్యాంకనం నేర్పుతారు. డెవలప్‌మెంట్ స్టడీస్ ఎకనామిక్స్ వైపు మొగ్గుతుంది. మీ ప్రశ్నకు చివరి రెండూ దగ్గర. పైగా బీకాం చదివినవారికి పద్దుల పుస్తకం చూస్తే భయం వేయదు. ఈ కోర్సులకు వచ్చేవారిలో చాలామందికి ఆ బలం ఉండదు.

ఎక్కడెక్కడ అంటే: హైదరాబాద్‌లోనే టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) క్యాంపస్ ఉంది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సోషియాలజీతోపాటు సామాజిక బహిష్కరణ మీద పనిచేసే ప్రత్యేక కేంద్రం ఉంది. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో సోషల్ వర్క్ ఉంది. బెంగళూరు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో రెండేళ్ళ ఎంఏ డెవలప్‌మెంట్ చేయొచ్చు, అక్కడ కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీలు ఇస్తారు.

ప్రశ్న (కరీంనగర్): సీయూఈటీ పీజీ, సీపీగెట్ రెండూ రాయాలా? నెగటివ్ మార్కులకు భయపడి తెలియనివి వదిలేస్తున్నాను. సరైన పద్ధతేనా?

జవాబు: రెండూ రాయండి. సెంట్రల్ యూనివర్సిటీలకు, టిస్‌కు సీయూఈటీ పీజీ కావాలి. ఉస్మానియా, కాకతీయ వంటి తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్ వాటికి ఏపీ పీజీసెట్ ఉన్నాయి. అజీం ప్రేమ్‌జీ వాళ్ళు తమ పరీక్ష తామే పెట్టుకుంటారు.

వదిలేయడం గురించి లెక్క వేద్దాం. సీయూఈటీ పీజీలో 75 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. నాలుగు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని ఒకటి పెట్టినా సగటున ప్రశ్నకు పావు మార్కు లాభమే వస్తుంది. నాలుగు ప్రశ్నలు అలా పెడితే ఒకటి తగిలి 4 వస్తాయి, మూడు తప్పై 3 పోతాయి. ఒక్క ఆప్షన్ కాదని తేల్చగలిగినా లాభం సగటున మార్కులో మూడింట రెండు వంతులకు పెరుగుతుంది. కాబట్టి భయంతో ఖాళీలు వదలడం నష్టమే. సీపీగెట్‌లో అసలు నెగటివ్ లేదు, అక్కడ ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా ఉంచకండి.

ఎక్కువమంది పొరబడేది పరీక్ష హాల్లో కాదు, అప్లికేషన్ దగ్గర. ఒకే కోర్సుకు ఒక యూనివర్సిటీ సోషియాలజీ పేపర్ అడిగితే ఇంకొకటి వేరే పేపర్ అడుగుతుంది. ముందు మీకు కావలసిన కోర్సులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికి ఎదురుగా ఆ యూనివర్సిటీ అడిగిన పేపర్ కోడ్ రాసుకోండి. ఆ తర్వాతే ఫారం నింపండి. సీయూఈటీ పీజీ పరీక్ష మార్చిలో ఉంటోంది. ఫైనలియర్ పరీక్షలయ్యాక చూసుకుందాంలే అనుకుంటే అప్పటికి గడువు దాటిపోతుంది.

ప్రశ్న (వరంగల్): పీఎల్ఎఫ్ఎస్ (కేంద్రం చేసే ఉపాధి సర్వే) ప్రకారం మన దేశంలో పదిహేనేళ్ళు దాటిన మహిళల శ్రామిక భాగస్వామ్యం 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. దీన్నిబట్టి 'మహిళా సాధికారత పెరిగింది' అని టర్మ్ పేపర్ రాశాను. మేడమ్ తిప్పి పంపారు. అంకెలు తప్పా?

జవాబు: అంకెలు రెండూ సరైనవే. వాటిమీద మీరు నిలబెట్టిన మాట నిలవదు.

ఆ సర్వేలో ప్రతి మనిషికీ ఒక స్టేటస్ కోడ్ వేస్తారు. సొంతంగా వ్యాపారమో వ్యవసాయమో చేసుకుంటే 11, నెల జీతమైతే 31, ప్రభుత్వ పనులు కాకుండా మామూలు కూలికి వెళితే 51. ఇంటి పొలంలోనో కొట్లోనో కూలి లేకుండా చేయి వేస్తే 21. ఇంటిపని మాత్రమే అయితే 92. ఇంటిపనితోపాటు కట్టెలు ఏరి తేవడం, ఇంట్లోవారికి బట్టలు కుట్టడం లాంటివి ఉంటే 93. ఇందులో 11, 21, 31, 51 అన్నీ శ్రామికులే. 92, 93 మాత్రం శ్రామిక శక్తి బయట.

ఇప్పుడు రెండు గేదెలున్న ఇంట్లో ఒకావిడని ఊహించుకోండి. పొద్దున్నే కసువూడ్చి, గడ్డి వేసి, పాలు పిండి డెయిరీకి పంపుతుంది. ఎన్యూమరేటర్ (సర్వేకు వచ్చిన మనిషి) 'ఏం చేస్తారమ్మా?' అని అడిగితే 'ఏం లేదు, ఇంట్లోనే' అంటుంది. ఆ మాటే రాసుకుంటే 92 పడుతుంది. 'గేదెల్ని ఎవరు చూస్తారు?' అని ఇంకో ప్రశ్న వేస్తే 21 పడుతుంది. ఆవిడ జీవితంలో ఏ మార్పూ లేకుండానే ఆమె లెక్కలోకి వచ్చేసింది. పెరుగుదల అంతా ఇదేనని చెప్పలేం. ఇందులో ఏ కోడ్ ఎంత పెరిగిందో విడదీయకుండా సాధికారత అనే మాట వాడితే మాత్రం మీ మేడమ్ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అదే సర్వేలో పనిచేసే మహిళల్లో స్వయం ఉపాధి వాటా 51.9 శాతం నుంచి 67.4కి పెరిగింది. కూలి లేని ఇంటి సాయం కూడా ఆ స్వయం ఉపాధిలోనే కలిసి ఉంటుంది.

పేపర్ తిరగరాసేటప్పుడు ఇలా చేయండి. కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్లో రిజిస్టరైతే యూనిట్ లెవెల్ డేటా, అంటే ఒక్కొక్కరి జవాబులు విడివిడిగా, ఉచితంగా వస్తుంది. ఫైలు టెక్స్ట్ రూపంలో ఉంటుంది. ఏ అంకె ఎన్నో స్థానంలో మొదలవుతుందో చెప్పే లేఅవుట్ ఫైలు దాని పక్కనే ఉంటుంది. ఒక్క స్థానం జరిగినా వయసు బదులు ఇంకేదో చదువుతారు. కాబట్టి మొదట పదిమంది వరసలు కంటితో సరిచూసుకోండి. తర్వాత వెయిట్లు, అంటే సర్వేలో ఒక్కో మనిషి జనాభాలో ఎంతమందికి లెక్కో చెప్పే అంకెలు (ఫైల్లో వాటి పేరు మల్టిప్లయర్). 2024 వరకూ ఉన్న ఫైళ్ళలో మల్టిప్లయర్‌ని అలాగే వాడకూడదు. ఎన్ఎస్ఎస్, ఎన్ఎస్సీ అనే రెండు కాలమ్‌లు సమానమైతే 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఏడాది అంచనాకైతే త్రైమాసికాల సంఖ్యతో మళ్ళీ భాగించాలి. మీకొచ్చిన జాతీయ అంకె ప్రభుత్వ నివేదికలోని 41.7తో కలిసేదాకా ముందుకు వెళ్ళొద్దు. అది కలిశాక కోడ్‌ల వారీగా తెలంగాణకు విడదీయండి. జిల్లా స్థాయికి దిగకండి, ఆ పాత సర్వేను అందుకు రూపొందించలేదు. 2025 జనవరి నుంచి శాంపిల్ పద్ధతే మారింది. ఆ తర్వాతి అంకెల్ని పాతవాటి పక్కన ఒకే గీతగా గీయొద్దు.

ప్రశ్న (ఖమ్మం): డిజర్టేషన్‌కు 'ఉచిత బస్సు ప్రయాణం, మహిళల జీవితాలపై ప్రభావం' అని శీర్షిక ఇచ్చాను. చాలా విశాలంగా ఉంది, కుదించమన్నారు. బస్టాండ్‌లో 384 మందిని సర్వే చేద్దామనుకుంటున్నాను.

జవాబు: విషయం మంచిది, పద్ధతే ప్రమాదం. బస్టాండ్‌లో దొరికేది బస్సెక్కినవారే. ఊరికి బస్సే రానివారు, వచ్చినా ఇంట్లో పంపనివారు, పత్తి ఏరడానికి పొలానికి నడిచి వెళ్ళేవారు మీ సర్వేలో ఉండరు. పథకం అందిందా అని అడగాల్సింది అక్కడ లేనివారిని.

384 గురించి కూడా చెప్పుకోవాలి. ఆ అంకె సూత్రం నుంచి వస్తుంది: 1.96 వర్గాన్ని 0.25తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 384.16. ఒక పెద్ద జనాభా జాబితా నుంచి చీటీలు తీసినట్టు మనుషుల్ని ఎంచుకున్నప్పుడే అది వర్తిస్తుంది. బస్టాండ్‌లో ఎదురైనవారిని ఆపి అడిగితే 384 అయినా 3,840 అయినా ఒకటే. ఊళ్ళు ఎంచుకుని ఊరికి ఇంతమంది చొప్పున తీసుకున్నా ఒక ఊరివారి జవాబులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలిక బలాన్ని బట్టి శాంపిల్ ఒకటిన్నర రెట్లు, అంటే 576 దాకా అవసరం కావచ్చు. డిజర్టేషన్ గడువులో అది అయ్యే పని కాదు. కాకపోయినా ఫరవాలేదు, ప్రశ్న మార్చుకుంటే సరిపోతుంది.

మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది మీరు కాలు బయటపెట్టకుండా చేయగలిగింది. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న మొదలైంది. మధ్యలో ఇరవై నెలలు ఒక రాష్ట్రంలో ఉచితం, పక్క రాష్ట్రంలో టికెట్టు. ఆ మధ్యలోనే, 2024 జనవరి నుంచి డిసెంబర్ వరకు, కేంద్రం టైమ్ యూజ్ సర్వే (జనం రోజంతా సమయం ఎలా గడుపుతారనే సర్వే) చేసింది. అంతకు ముందు సర్వే 2019లో జరిగింది. రెండుసార్లూ దేశమంతా కలిపి లక్షా ముప్పై వేలకు పైగా ఇళ్ళు తిరిగారు. ఆరేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 దాకా ఏం చేశారో సర్వే సిబ్బంది అడిగి అరగంట గడుల్లో రాసుకున్నారు. ఉద్యోగానికి ప్రయాణం, చదువుకు ప్రయాణం, ఇంటి అవసరాలకు ప్రయాణం వేరువేరుగా ఉంటాయి.

లెక్క ఇది. తెలంగాణ గ్రామీణ మహిళల సగటు ప్రయాణ సమయంలో 2019 నుంచి 2024కి వచ్చిన మార్పు తీయండి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ మహిళలకూ అదే తీయండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. మిగిలింది పథకానికి ఆపాదించగలిగిన మార్పు, అదీ కొన్ని షరతుల మీద. కోవిడ్ రెండు రాష్ట్రాల్నీ ఒకేలా తాకిందని మీరు అనుకుంటున్నారు. దాన్ని సరిచూడటానికి మగవాళ్ళకూ ఇదే లెక్క వేయండి. వాళ్ళకు ఉచితం లేదు కాబట్టి వాళ్ళలో తేడా సున్నాకి దగ్గరగా రావాలి. అలా రాకపోతే మీరు చూస్తున్నది బస్సు ప్రభావం కాదు, ఇంకేదో. హైదరాబాద్‌ను మొదటే పక్కన పెట్టండి. మెట్రో, క్యాబ్‌లు ఉన్న నగరానికి సాటి నగరం ఆంధ్రప్రదేశ్‌లో లేదు. ఇంకొక పరిమితి: సర్వే ప్రయాణం దేనికోసమో చెబుతుంది తప్ప బస్సులోనా ఆటోలోనా అన్నది చెప్పదు. ఆ మాట డిజర్టేషన్‌లో మీరే ముందుగా రాసేయండి, వైవాలో అడిగేదాకా ఆగొద్దు.

రెండో దారి ఊళ్ళకు వెళ్ళడం. ఒకే మండలంలో రెండు ఊళ్ళు తీసుకోండి. ఒకటి పల్లెవెలుగు రోజుకు నాలుగు ట్రిప్పులు వచ్చే ఊరు, ఇంకొకటి బస్సు కోసం ఐదారు కిలోమీటర్లు నడవాల్సిన ఊరు. పంచాయతీ నుంచి ఇళ్ళ జాబితా తీసుకోండి. 240 ఇళ్ళుండి 40 కావాలంటే ప్రతి ఆరో ఇల్లు. మొదటి ఇల్లు ఒకటి నుంచి ఆరు లోపు చీటీ తీసి పెట్టుకోండి. రెండు ఊళ్ళలో కలిపి 80 ఇళ్ళు, వాటిలోంచి 12 నుంచి 15 మందితో పెద్ద ఇంటర్వ్యూలు. ఒక్కరే తిరిగితే రోజుకు ఐదు ఇళ్ళకు మించి నాణ్యంగా కావు. మీ శీర్షిక అప్పుడు 'బస్సు సౌకర్యం ఉన్న, లేని గ్రామాల్లో ఉచిత ప్రయాణ పథకం వినియోగం: ఖమ్మం జిల్లా రెండు గ్రామాల అధ్యయనం' అవుతుంది. పొడుగ్గా ఉన్నా గైడ్ సంతకం పెడతారు.

జీరో టికెట్ల మొత్తం పట్టుకుని 'ఇన్ని కోట్లమంది మహిళలు' అని మాత్రం రాయొద్దు. టికెట్టు ప్రయాణానికి ఇస్తారు, మనిషికి కాదు. ఊరి నుంచి మండల కేంద్రానికి, అక్కణ్ణుంచి ఖమ్మానికి వెళ్ళొచ్చిన ఒక్కావిడ ఒక్క రోజులో నాలుగు టికెట్లు.

ప్రశ్న (శ్రీకాకుళం): ఊళ్ళో సర్వే చేస్తే అందరూ 'పథకాలు బాగున్నాయి' అనే చెబుతున్నారు. ఆదాయం అడిగితే నవ్వేస్తున్నారు. ఎక్కడ లోపం?

జవాబు: మిమ్మల్ని ఊళ్ళోకి ఎవరు తీసుకెళ్ళారు? సర్పంచో, వార్డు మెంబరో, సచివాలయం ఉద్యోగో పక్కన నిలబడితే పింఛను మీద ఆధారపడ్డ ముసలమ్మ ఇంకేమంటుంది? మొదటి రోజు పంచాయతీకి వెళ్ళి అనుమతి పత్రం చూపించండి, మర్యాద అక్కడితో పూర్తి. తర్వాతి రోజు నుంచి ఒంటరిగా వెళ్ళండి. మొదటి పది నిమిషాల్లో మీరు ప్రభుత్వం నుంచి రాలేదనీ, పేరు ఎక్కడా రాయరనీ, వద్దంటే మధ్యలో ఆపేయొచ్చనీ చెప్పి అంగీకారం తీసుకోవాలి. సంతకం అంటే జనం జడుస్తారు. నోటి మాటగా ఒప్పుకోవడాన్ని రికార్డు చేసుకునే వెసులుబాటు మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ నుంచి ముందే అడిగి పెట్టుకోండి.

ఆదాయం సూటిగా అడిగితే ఎవరూ చెప్పరు. చాలామందికి నిజంగానే తెలియదు. విడగొట్టండి: ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, కౌలు ఎంత, కిందటి ఖరీఫ్‌లో ఎన్ని బస్తాలు దిగాయి, బస్తా ఎంతకు పోయింది, ఎరువులకు పురుగుమందులకు ఎంతయింది, నాట్లకూ కోతలకూ ఎంతమంది కూలీలు. మొత్తం మీరు వేసుకోండి. కూలికి వెళ్ళేవారిని ఏడాదిలో ఎన్ని రోజులని అడగకండి. కిందటి వారం ఏ రోజు ఎక్కడికి వెళ్ళారో అడగండి, తర్వాత సీజన్ల వారీగా వెళ్ళండి. అలాగే 'పథకం బాగుందా?' అనేది ప్రశ్న కాదు. 'కిందటి నెల పింఛను ఏ తారీకున వచ్చింది? ఎవరు తెచ్చి ఇచ్చారు? ఎప్పుడైనా ఆగిందా, ఆగితే ఎవరి దగ్గరికి వెళ్ళారు?' అని అడిగితే జవాబు దానంతటదే వస్తుంది.

గంట రికార్డింగ్ ఎత్తి రాయడానికి ఐదారు గంటలు పడుతుంది. ముప్పావుగంట ఇంటర్వ్యూలు పదిహేను చేస్తే పదకొండు గంటల పైచిలుకు రికార్డింగ్, అంటే అరవై గంటల రాత. ఫీల్డ్ నుంచి వచ్చాక చేద్దామని పోగేసుకుంటే సబ్మిషన్ ముందు రాత్రులు సరిపోవు. ఏ రోజుది ఆ రోజు సాయంత్రమే సగమైనా రాసుకోండి. జనం మాటల్ని వాళ్ళు అన్నట్టే, శ్రీకాకుళం యాసలోనే తెలుగులో ఎత్తిరాసి, డిజర్టేషన్‌లో వాడుకునే భాగాల్ని మాత్రమే ఇంగ్లిష్ చేసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది.

ప్రశ్న (మహబూబ్‌నగర్): బడ్జెట్లో ఒక పథకానికి నిజంగా ఎంత ఖర్చయిందో ఎలా తెలుస్తుంది? పత్రికల్లో వచ్చే అంకెలు ఒకదానికొకటి కలవడం లేదు.

జవాబు: కలవవు, ఎందుకంటే ఒకరు అంచనా రాస్తారు, ఇంకొకరు ఖర్చు రాస్తారు. 2025-26 బడ్జెట్ పుస్తకం తెరిస్తే ఒకే పద్దుకు నాలుగు కాలమ్‌లు ఉంటాయి: 2023-24 వాస్తవ ఖర్చు, 2024-25 బడ్జెట్ అంచనా, 2024-25 సవరించిన అంచనా, 2025-26 బడ్జెట్ అంచనా. ప్రసంగంలో వినిపించేది చివరిది. నిజంగా ఖర్చయింది తెలియాలంటే రెండేళ్ళ తర్వాతి పుస్తకం చూడాలి. అంచనాకూ వాస్తవానికీ మధ్య తేడా మూడు నాలుగేళ్ళకు వరసగా పట్టిక వేస్తే ఆ పథకం మీద ప్రభుత్వ మనసేమిటో అక్కడే కనిపిస్తుంది. మా దృష్టిలో పీజీ విద్యార్థి చేయగలిగిన చవకైన, పదునైన పరిశోధన ఇదే.

పద్దుల నంబర్లు దేశమంతా ఒకటే. ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమం 2225, సామాజిక భద్రత 2235, సాధారణ విద్య 2202, వైద్యం 2210. లోపల చిన్న పద్దుల్లో 789 అంటే ఎస్సీ ఉపప్రణాళిక, 796 అంటే గిరిజన ఉపప్రణాళిక (ఆ వర్గాలకని విడిగా చూపే ఖర్చు). ఒకే పథకం ఖర్చు మామూలు పద్దులో కొంత, 789లో కొంత, 796లో కొంత చూపిస్తారు. మూడూ కలపకపోతే ఖర్చు తక్కువగా తేలుతుంది. కలిపేసి వదిలేస్తే ఇంకో మంచి ప్రశ్న చేజారుతుంది: అందరికీ ఇచ్చే పథకంలో ఎస్సీల వంతుని ఉపప్రణాళిక ఖర్చుగా చూపడం ఎంతవరకు న్యాయం? 2013 నాటి ఉమ్మడి రాష్ట్ర ఉపప్రణాళిక చట్టం చుట్టూ జరిగిన వాదనల్లో ఇదొకటి.

జీవోలు చదివేటప్పుడు ఎంఎస్ అని ఉన్నవి విధాన నిర్ణయాలు, ఆర్టీ అని ఉన్నవి రోజువారీ ఉత్తర్వులు. జీవో పైభాగంలో అంతకు ముందు చదివిన ఉత్తర్వుల జాబితా ఉంటుంది. దాన్ని పట్టుకుని వెనక్కి వెళితే పథకం ఎప్పుడు, ఎవర్ని చేర్చి ఎవర్ని తీసేస్తూ వచ్చిందో మొత్తం దొరుకుతుంది. దొరకని కాగితానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. 'ఎందుకు అమలు చేయలేదు?' అని అడిగితే పక్కన పడేస్తారు. 'ఫలానా మండలంలో ఫలానా తేదీల మధ్య తిరస్కరించిన దరఖాస్తుల రిజిస్టర్ నకలు ఇవ్వండి' అని అడగాలి. ఫీల్డ్ వర్క్‌కు కనీసం మూడు నెలల ముందు పెట్టుకోకపోతే జవాబు వచ్చేసరికి మీ వైవా అయిపోతుంది.

ప్రశ్న (కావలి): సామాజిక మార్పు పేపర్లో సారా వ్యతిరేక ఉద్యమాన్ని ఉదాహరణగా రాస్తే మార్కులు తక్కువ వేశారు. మా జిల్లాదే కదా, తప్పేం రాశాను?

జవాబు: మీరు పంపిన జవాబు చూశాం. మహిళలు రాత్రిబడిలో అక్షరాస్యత పాఠం చదివారు, ఉద్యమం చేశారు, మద్యనిషేధం వచ్చింది అని మూడు మెట్లుగా రాసేశారు. జరిగింది అంత తిన్నగా లేదు. 1992లో దూబగుంట మహిళలు సారాకు ఎదురు తిరిగారు. జిల్లాలో వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరిలో వచ్చి 1997లో సడలిపోయింది. 1980లలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వ సారా ప్యాకెట్లు పల్లెలకు చేరింది ఎన్టీఆర్ ప్రభుత్వంలో, సంపూర్ణ నిషేధం తెచ్చిందీ ఆయనే. ఇక్కడే పరీక్షకు పనికొచ్చే ప్రశ్నలున్నాయి. రాత్రిబడిలో పాఠం ఎంత పనిచేసింది, రోజూ ఆడవాళ్ళు ఒకచోట కూడటం ఎంత పనిచేసింది? సారా నిషేధం నిలిచి, సంపూర్ణ నిషేధం ఎందుకు కూలింది? ఎక్సైజ్ రాబడి మీద ఖజానా ఎంత ఆధారపడింది? వీటిలో ఒక్కదాన్ని పట్టుకుని తేదీలతో రాసినా మీ జవాబు వేరేగా ఉండేది. సిద్ధాంతకర్తల పేర్లు ఆ తర్వాత, ఎక్కడ అతుకుతారో అక్కడ పెట్టండి.

ప్రశ్న (ఒంగోలు): బ్రిటన్‌లో సోషల్ పాలసీ మాస్టర్స్ ఒక్క ఏడాదే అంటున్నారు. వెళ్ళడం లాభమేనా? స్కాలర్‌షిప్ దొరుకుతుందా?

జవాబు: ఏడాదే, కానీ ఊపిరి సలపదు. మొత్తం 180 క్రెడిట్లు, అందులో సాధారణంగా 60 డిజర్టేషన్‌కే. అక్టోబర్‌లో క్లాసులు మొదలైతే డిజర్టేషన్ అంశం శీతాకాలంలోనే తేల్చుకోవాలి. సబ్జెక్టు పుట్టిల్లు అదే కాబట్టి చదువు నాణ్యమైనదే. విచిత్రం ఏమిటంటే, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 1912లో పేదరికం అధ్యయనానికి డబ్బిచ్చింది సర్ రతన్ టాటా. తర్వాత టిస్‌గా మారిన సంస్థను 1936లో బొంబాయిలో నెలకొల్పింది ఆయన అన్న దొరాబ్జీ పేరిట ఉన్న ట్రస్టు.

స్కాలర్‌షిప్ దగ్గర ఈ సబ్జెక్టు వాళ్ళకు ఒక చిక్కుంది. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఏటా 125 స్థానాలు. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, 60 శాతం మార్కులు కావాలి. 2022-23 నిబంధనల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాల అంశాల్ని ఇందులోంచి మినహాయించారు. అంటే 'భారత ఆహార భద్రత' అని స్టేట్‌మెంట్లో రాసుకుంటే దరఖాస్తు గుమ్మం దాటకపోవచ్చు. మీరు దరఖాస్తు చేసే ఏడాది మార్గదర్శకాలు పూర్తిగా చదివాకే స్టేట్‌మెంట్ రాయండి. ఆ నిబంధన మంచిది కాదన్నది మా అభిప్రాయం, దరఖాస్తుకు మాత్రం అభిప్రాయం పనికిరాదు.

వీసా విషయంలో: జీవన వ్యయానికి చూపాల్సిన డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్క రోజు తగ్గినా తిరస్కరిస్తారు. 2024 జనవరి నుంచి టాట్ మాస్టర్స్ (పరిశోధన కాకుండా క్లాసులతో సాగే పీజీ) వాళ్ళు కుటుంబాన్ని వెంట తీసుకెళ్ళడానికి లేదు. చదువయ్యాక ఉండే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ళు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసుకునేవారికి పద్దెనిమిది నెలలే. అప్పు చేసి వెళ్ళేవారు ఆ ఆరు నెలల కోతను ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.

ప్రశ్న (నిజామాబాద్): ఎంఏ పబ్లిక్ పాలసీ చేశాక యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) ఏ సబ్జెక్టులో రాయాలి?

జవాబు: నెట్‌లో సోషల్ పాలసీకి విడి సబ్జెక్టు లేదు. మీ సిలబస్‌కు ఏది ఎక్కువ కలుస్తుందో చూసి సోషియాలజీ, సోషల్ వర్క్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, లేదా డెవలప్‌మెంట్ స్టడీస్‌ను కలుపుకున్న ఎకనామిక్స్‌లో ఒకటి ఎంచుకోండి. రెండు పేపర్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు, నెగటివ్ లేదు. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. అది రాకున్నా 2024 నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీకి వెళ్ళే వీలుంది. అక్కడ నెట్‌కు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఒక జాగ్రత్త: డిగ్రీ కాలేజీ లెక్చరర్ నోటిఫికేషన్లలో పీజీ సబ్జెక్టు పేరు చూస్తారు. సోషియాలజీలో నెట్ ఉండి పీజీ పబ్లిక్ పాలసీ అయితే సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఆపేసే ప్రమాదం ఉంది. లెక్చరర్ ఉద్యోగమే లక్ష్యమైతే మీ తర్వాత చేరే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నేరుగా సోషియాలజీలోనో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లోనో చేరమని చెప్పండి, పాలసీ పేపర్లు అక్కడ ఎలక్టివ్‌లుగా తీసుకోవచ్చు.